సమాధి రాయి, కౌంటీ దస్త్రం: అమెరికాలో పూర్వీకుల ఆచూకీ

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో తమ ముందు తరాలవారి ఆచూకీ తీయాలనుకునేవారు ప్రధానంగా రెండు చోట్లకు వెళ్తారు. ఒకటి సమాధుల తోట, రెండోది కౌంటీ కోర్టుహౌస్. కౌంటీ అంటే రాష్ట్రం కింద ఉండే పరిపాలన విభాగం. దేశంలో ఇవి మూడు వేలకు పైగా ఉన్నాయి. ఒక్క టెక్సస్‌లోనే 254, జార్జియాలో 159. లూసియానాలో వీటిని పారిష్‌లంటారు, అలాస్కాలో బరోలంటారు. పెళ్లి లైసెన్సు, భూమి రిజిస్ట్రేషను, వీలునామా, పన్నులు, తండ్రి పోయిన పిల్లల బాధ్యత ఎవరికన్న తీర్పు, ఇవన్నీ కౌంటీ కేంద్రంలో జరిగేవి. మన తహసీల్దారు కచేరీ, సబ్ రిజిస్ట్రారు ఆఫీసు, జిల్లా కోర్టు ఒకే కప్పు కింద ఉన్నాయనుకుంటే కోర్టుహౌస్ అంటే ఏమిటో సుమారుగా తెలుస్తుంది. న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలలో మాత్రం జనన మరణాలు, పెళ్లిళ్లు నమోదు చేసే పని మొదటినుంచీ పట్టణాల గుమాస్తాలది.

కౌంటీకి ఇంత ప్రాధాన్యం రావడానికి కారణం ఉంది. జనన మరణాలను రాష్ట్రమంతటా నమోదు చేసే చట్టాలు చాలా ఆలస్యంగా వచ్చాయి. మసాచుసెట్స్ 1841లోనే మొదలుపెట్టింది. జార్జియాలో అది 1919 దాకా రాలేదు. అన్ని రాష్ట్రాలూ జాతీయ నమోదు వ్యవస్థలో చేరేసరికి 1933 వచ్చింది. అందువల్ల 1850లో ఒక పల్లెలో పుట్టిన మనిషికి జనన ధ్రువపత్రం ఉండటం అరుదు. అతడు ఎప్పుడు పుట్టాడో చెప్పేది చాలాసార్లు అతడి సమాధి రాయే. అతడు ఎవరి కొడుకో చెప్పేది కోర్టుహౌస్‌లోని వీలునామా. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవడమే ఈ విద్యకు ప్రాణం. ఒక్కటే చదివి తృప్తిపడినవారు చాలాసార్లు వేరొకరి ముత్తాతను తమ ముత్తాతగా చేసుకున్నారు.

రాయిని చదవడం

సమాధి దగ్గరకు వెళ్లినప్పుడు పేరుకంటే ముందు రాయి ఏ రకమో చూడాలి. న్యూ ఇంగ్లండ్‌లో 17, 18 శతాబ్దాల సమాధులకు నల్లని పలక రాయి వాడారు. దాని మీద అక్షరాలు ఇప్పటికీ పదునుగా ఉంటాయి. పైభాగంలో మొదట రెక్కలున్న పుర్రె చెక్కేవారు. తర్వాత పుర్రె స్థానంలో దేవదూత ముఖం, 18వ శతాబ్దం చివరికి విల్లో చెట్టు, కలశం వచ్చాయి. 19వ శతాబ్దంలో పాలరాయి మోజు వ్యాపించింది. చూడటానికి అందంగా ఉన్నా పాలరాయి వానకు కరుగుతుంది. నూట యాభై ఏళ్ల కిందటి పాలరాళ్లపై ఎన్నో పేర్లు ఇవాళ వేలితో తడిమితే తప్ప తెలియవు. గ్రానైటు విరివిగా వచ్చింది ఆ శతాబ్దం చివర్లో. కనెక్టికట్‌లోని బ్రిడ్జిపోర్ట్‌లో ఒక కంపెనీ 1870ల నుంచి 1914 దాకా జింకుతో పోతపోసిన సమాధి స్తంభాలను ‘తెల్ల కంచు’ పేరుతో అమ్మింది. అవి నీలి బూడిద రంగులో ఉంటాయి, తడితే లోపల డొల్లగా మోగుతాయి, అక్షరం చెక్కుచెదరదు.

ఇది తెలిస్తే ఒక పెద్ద పొరపాటు తప్పుతుంది. మెరుగుపెట్టిన గ్రానైటు మీద ‘మరణం 1790’ అని ఉంటే, ఆ రాయి 1790లో పెట్టింది కాదు. మనవలో మునిమనవలో వందేళ్ల తర్వాత నిలిపింది. దాని మీది తేదీ కుటుంబంలో చెప్పుకున్న మాటే తప్ప ప్రత్యక్ష సాక్ష్యం కాదు.

పాత రాళ్ల మీద పుట్టిన తేదీకి బదులు బతికిన కాలం ఉంటుంది. ఉదాహరణకు ‘1858 మార్చి 14న మరణం, వయసు 67 ఏళ్ల 3 నెలల 20 రోజులు’ అని ఉందనుకుందాం. అరవై ఏడేళ్లు వెనక్కి వెళ్తే 1791 మార్చి 14. మూడు నెలలు తగ్గిస్తే 1790 డిసెంబరు 14. ఇరవై రోజులు తీసేస్తే 1790 నవంబరు 24. అదీ పుట్టిన రోజు. ఇంకా వెనకటి తేదీలకు మరో మెలిక ఉంది. బ్రిటన్, దాని వలసలు 1752లో పంచాంగం మార్చుకున్నాయి. సెప్టెంబరులో పదకొండు రోజులు ఎగిరిపోయాయి, అంతకుముందు మార్చి 25న వచ్చే సంవత్సరాది జనవరి 1కి మారింది. జార్జి వాషింగ్టన్ పాత లెక్కన 1731 ఫిబ్రవరి 11న, కొత్త లెక్కన 1732 ఫిబ్రవరి 22న పుట్టాడు. రెండు తేదీలూ సరైనవే.

భార్య సమాధి మీద ‘కాన్సర్ట్’ అని ఉంటే భర్త బతికి ఉండగా పోయిందని అర్థం. ‘రెలిక్ట్’ అని ఉంటే విధవగా పోయిందని. ఆ ఒక్క మాటతో భర్త మరణం ఆ తేదీకి ముందా వెనకా అన్నది తేలిపోతుంది, వీలునామా ఏ సంవత్సరాల్లో వెతకాలో తెలుస్తుంది. గొర్రెపిల్ల బొమ్మ ఉంటే అది పసిబిడ్డ సమాధి. నరికిన చెట్టు మోడు ఆకారంలో రాయి ఉంటే ఆ మనిషి ‘వుడ్‌మెన్ ఆఫ్ ది వరల్డ్’ అనే సంఘంలో సభ్యుడు కావచ్చు. 1890లో ఒమాహాలో పుట్టిన ఈ సంఘం సభ్యులకు బీమా ఇచ్చేది. అంటే వెతకడానికి మరో రికార్డు దొరికినట్టే.

ఐరిష్ వలసదారుల సమాధులను ప్రత్యేకంగా చెప్పాలి. ఓడ ప్రయాణికుల జాబితాలో ‘ఐర్లండ్’ అని మాత్రమే రాసిన మనిషికి, సమాధి మీద పిల్లలు ఐర్లండ్‌లోని సొంత కౌంటీ పేరు, కొన్నిసార్లు పారిష్ (చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు కూడా చెక్కించారు. 1922లో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు కాలిపోయి 1821 నుంచి 1851 దాకా తీసిన ఐరిష్ జనాభా లెక్కలు చాలావరకు పోయాయి. అందువల్ల బోస్టన్‌లోనో న్యూయార్క్‌లోనో ఉన్న ఆ రాతి మీది ఊరిపేరుకు విలువ కట్టలేం.

ఒక్క సమాధి చూసి వెనుదిరగకూడదు. చుట్టుపక్కల సమాధులన్నీ రాసుకోవాలి. ఆ స్థలం కొన్నది ఎవరో, అందులో రాయి లేకుండా ఎవరెవరున్నారో నిర్వాహకుల రిజిస్టరులో ఉంటుంది. రాయి పెట్టించే స్తోమత లేనివారి పేర్లు అక్కడ తప్ప ఇంకెక్కడా ఉండవు. అక్షరాలు కనబడటం లేదని బ్లీచింగు, తీగ బ్రష్షు, సుద్ద, షేవింగ్ క్రీము వాడి ఎంతోమంది తమ పెద్దల రాళ్లను తామే పాడుచేశారు. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. అద్దం పట్టి సూర్యకాంతిని పక్కనుంచి రాయి మీదకు వాల్చితే నీడల్లో అక్షరాలు లేస్తాయి.

రాయే లేని చోట నేలను చదవాలి. తలాపున, కాళ్ల దగ్గర నిలబెట్టిన మొరటు బండలు, తూర్పు పడమరలుగా వరుసల్లో కుంగిన నేల, అడవి మధ్య హఠాత్తుగా కనిపించే పెరివింకిల్ తీగ, యుక్కా మొక్కలు, దేవదారు చెట్లు దక్షిణ రాష్ట్రాలలో పాత శ్మశానానికి గుర్తులు. న్యూయార్క్ మన్‌హటన్ నడిబొడ్డున 1991లో ప్రభుత్వ భవనానికి పునాది తవ్వుతుంటే 17, 18 శతాబ్దాల ఆఫ్రికన్ల శ్మశానం బయటపడింది. వెలికితీసిన 419 మంది అవశేషాలను 2003లో తిరిగి ఖననం చేశారు. 2006లో ఆ స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

సమాధులు కదలవనుకోవడం కూడా తప్పే. శాన్ ఫ్రాన్సిస్కో నగరం 1901లో కొత్త ఖననాలను నిషేధించి, తర్వాతి దశాబ్దాల్లో పాత సమాధులను దక్షిణాన ఉన్న కోల్మాకు తరలించింది. బంధువులెవరూ రాని సమాధుల రాళ్లను సముద్రపు గట్లకు, బ్యూనా విస్టా పార్కులో నీటి కాలువలకు వాడేశారు. న్యూయార్క్ నగరంలో దిక్కులేనివారిని, పేదలను 1869 నుంచి హార్ట్ ఐలండ్‌లో పూడుస్తున్నారు. పది లక్షలకు పైగా మనుషులు అక్కడున్నారు. వారికి రాళ్లు లేవు, చిట్టాలే ఉన్నాయి.

కోర్టుహౌస్‌లో

భూమి దస్తావేజులకు రెండు సూచికలు ఉంటాయి: అమ్మినవారి పేర్లతో ఒకటి, కొన్నవారి పేర్లతో ఒకటి. మన దగ్గర ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు పట్టుకుని ముప్పై ఏళ్లు వెనక్కి వెళ్లినవారికి ఈ పని కొత్త కాదు. అక్కడ అలాగే రెండు వందల ఏళ్లు వెనక్కి వెళ్లవచ్చు. పాత దస్తావేజులో హద్దులు ‘వాగు ఒడ్డున తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై ఫలానావారి గట్టు వెంబడి’ అంటూ సాగుతాయి. ఆ ఫలానావారిని వదిలిపెట్టకూడదు. గట్టు పక్కవాళ్లే పిల్లనిచ్చినవాళ్లు, పత్రం మీద సాక్షి సంతకం చేసినవాళ్లు, సమాధుల తోటలో పక్క వరుసలో ఉన్నవాళ్లు.

స్త్రీల ఆచూకీకి ఈ దస్తావేజులే దిక్కు. పెళ్లయిన స్త్రీకి సొంతంగా ఆస్తిహక్కు లేని కాలంలో కూడా, భర్త భూమిలో ఆమెకు వైధవ్యపు వాటా ఉండేది. భర్త భూమి అమ్మితే ఆ వాటా వదులుకుంటున్నట్టు ఆమె ఒప్పుకోవాలి. చాలా రాష్ట్రాలలో అధికారి ఆమెను భర్తకు దూరంగా పక్కకు పిలిచి, బలవంతం లేకుండా సమ్మతిస్తున్నావా అని అడిగి, ఆమె పేరుతో ఆ మాట రాసేవాడు. ఎందరో ముత్తవ్వల పేర్లు ఈ భూమ్మీద రాతలో మిగిలింది ఆ ఒక్క వాక్యంలోనే.

ప్రొబేట్ దస్త్రాలు, అంటే చనిపోయినవారి ఆస్తి పరిష్కారానికి కోర్టులో నడిచిన పత్రాలు, ఇంకా గొప్పవి. వీలునామాలో పిల్లల పేర్లు, అల్లుళ్ల పేర్లు ఉంటాయి. వీలునామా రాయకుండా పోయినవారికి కూడా ఆస్తి జాబితా, వేలం లెక్క, పంపకం పత్రం ఉంటాయి. మైనరు పిల్లలకు సంరక్షకుణ్ని నియమించిన పత్రాల్లో ‘అనాథ’ అన్న మాట కనిపిస్తే తల్లి కూడా పోయిందని అనుకోకూడదు. ఆ రోజుల్లో తండ్రి పోతే చాలు, చట్టం దృష్టిలో బిడ్డ అనాథే.

పెళ్లికి హామీ పత్రం రాసిన వ్యక్తి తరచుగా వధువు తండ్రో అన్నో అయి ఉంటాడు. లైసెన్సు తీసుకున్నంత మాత్రాన పెళ్లి జరిగినట్టు కాదు. పెళ్లి జరిపించిన పాస్టరు తిరిగి పంపిన పత్రం కూడా చూడాలి. 1906కు ముందు పౌరసత్వం ఇచ్చే అధికారం కౌంటీ కోర్టులకు కూడా ఉండేది కనుక వలస వచ్చినవారి దరఖాస్తులు చాలావరకు అక్కడే ఉన్నాయి.

మరణ ధ్రువపత్రాన్ని చదివేటప్పుడు అడుగున సమాచారమిచ్చిన వ్యక్తి పేరు ముందు చూడాలి. మరణించిన తేదీ ఆ రోజు చూసినవారు చెప్పినది, నమ్మవచ్చు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు మాత్రం ఎనభై ఏళ్ల కిందటి సంగతి. అల్లుడో మనవడో గుర్తున్నంతవరకు చెప్పినది. ఒకే కాగితం మీద ఒక వరుస ప్రత్యక్ష సాక్ష్యం, కింది వరుస విన్నమాట. ఈ తేడా పట్టుకున్నవారే ఈ పనిలో రాణిస్తారు. 1935లో సోషల్ సెక్యూరిటీ చట్టం వచ్చాక వయసు రుజువు కావలసి, వృద్ధులు కుటుంబ బైబిలు పేజీలు, పొరుగువారి ప్రమాణ పత్రాలు చూపి కౌంటీలో ఆలస్యంగా జనన పత్రాలు తీసుకున్నారు. జతచేసిన ఆ రుజువుల్లోనే అసలు సంపద ఉంది.

జనాభా లెక్కలు కేంద్ర ప్రభుత్వానివే అయినా సేకరించింది కౌంటీల వారీగానే. 1790 నుంచి పదేళ్లకోసారి జరిగాయి. 1850కి ముందు ఇంటి యజమాని పేరొక్కటే రాసేవారు. యజమానికి ఎవరు ఏమవుతారో రాయడం 1880లో మొదలైంది. 1890 లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో దెబ్బతిని దాదాపు అన్నీ పోయాయి. వ్యక్తుల వివరాలు 72 ఏళ్లకు గానీ బయటపెట్టరు. 1950 లెక్కలు 2022 ఏప్రిల్‌లో వచ్చాయి.

గీతలు, మంటలు

కౌంటీల సరిహద్దులు పదేపదే మారాయి. జార్జియాలో క్లేటన్ కౌంటీ 1858లో హెన్రీ, ఫేయెట్ కౌంటీల నుంచి ఏర్పడింది. అక్కడ అదే ఇంట్లో అదే పొలం దున్నుకున్న రైతు 1850లో ఒక కౌంటీవాడు, 1860లో మరో కౌంటీవాడు. అతడి పాత దస్తావేజులు పాత కౌంటీలోనే ఉండిపోయాయి. మన దగ్గర జిల్లాలు విడిపోయినప్పుడు పాత కాగితాల కోసం పాత జిల్లా కేంద్రానికి పరుగెత్తినవారికి ఈ బాధ తెలుసు. అందుకే ఏ సంవత్సరానికి ఏ కౌంటీయో తేల్చుకోనిదే వెతుకులాట మొదలుపెట్టకూడదు.

ఇక మంటలు. అంతర్యుద్ధంలో భద్రత కోసమని వర్జీనియా కౌంటీలు కొన్ని తమ రికార్డులను రిచ్మండ్‌కు పంపాయి. 1865 ఏప్రిల్‌లో నగరం కాలినప్పుడు అవి బూడిదయ్యాయి. 1884లో సిన్సినాటి అల్లర్లలో హామిల్టన్ కౌంటీ కోర్టుహౌస్ తగలబడింది. కాలిపోయిన కౌంటీ అనగానే చేతులెత్తేయనక్కర్లేదు. మంటల తర్వాత జనం తమ దగ్గరున్న దస్తావేజులు తెచ్చి మళ్లీ నమోదు చేయించుకున్నారు. చర్చి రిజిస్టర్లు, పొరుగు కౌంటీ పత్రాలు, సమాధులు మిగిలాయి.

ఆస్తిగా రాసిన మనుషులు

ఆఫ్రికన్ అమెరికన్ల వంశాన్వేషణలో 1870 ఒక గోడ లాంటిది. బానిసత్వం పోయాక వారందరి పేర్లూ రాసిన మొదటి జనాభా లెక్క అదే. 1850, 1860 లెక్కల్లో బానిసలకు వేరే జాబితా ఉంది. అందులో యజమాని పేరు, దాని కింద బానిసల వయసు, ఆడా మగా, రంగు మాత్రమే. పేర్లు దాదాపు లేనేలేవు. గోడకు అవతలివైపు వెళ్లాలంటే వాళ్లను ఆస్తిగా లెక్కపెట్టిన పత్రాల్లోకే, అంటే యజమానుల వీలునామాలు, దస్తావేజులు, తాకట్టు కాగితాల్లోకే వెళ్లాలి. చదవడానికి మనసొప్పని పత్రాలవి. కానీ పేర్లు అక్కడే ఉన్నాయి.

మిషెల్ ఒబామా తల్లి తరఫు పూర్వీకుల కథ దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. దక్షిణ కరొలైనాలో డేవిడ్ పాటర్సన్ అనే వృద్ధుడు 1850లో వీలునామా రాశాడు. రాట్నాలు, కొడవళ్లు, మేజాబట్టలు, పశువులు పంచుతూ అందులోనే ఆరేళ్ల బానిస పిల్ల మెల్వీనియాను కూడా వారసులకిచ్చాడు. కొద్దికాలానికి ఆస్తి లెక్కలో ఆ పిల్లకు 475 డాలర్లు వెల కట్టారు. పాటర్సన్ కూతురు, అల్లుడు హెన్రీ షీల్డ్స్ ఉన్న జార్జియాకు ఆమెను తీసుకెళ్లారు. అక్కడే ఆమెకు డాల్ఫస్ అనే కొడుకు పుట్టాడు. 1870 లెక్కల్లో ఆమె నలుగురు పిల్లల్లో ముగ్గురిని మిశ్రమ జాతివారుగా రాశారు. తండ్రి తెల్లవాడన్నమాట. ఆమె 1938లో చనిపోయింది. మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు అడిగిన చోట బంధువు చెప్పిన జవాబు ‘తెలియదు’. వంశచరిత్రకారిణి మేగన్ స్మోలెన్యాక్ తవ్వితీసిన ఈ వివరాలు 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చాయి. ఆ కథనం రాసినవారిలో ఒకరైన రేచల్ స్వార్న్స్ 2012లో పుస్తకం తెచ్చారు. ఆ నాటికి డీఎన్ఏ పరీక్షలు షీల్డ్స్ కుటుంబంతో రక్తసంబంధాన్ని చూపాయి. వీలునామా, ధర కట్టిన జాబితా, జనాభా లెక్క, మరణపత్రం వేటికవి చూస్తే ముక్కలే. వరసగా పేర్చితే ఆరేళ్ల పిల్ల నుంచి శ్వేతసౌధం దాకా అయిదు తరాలు.

అలెక్స్ హేలీ ‘రూట్స్’ (1976), మరుసటేడు వచ్చిన టీవీ సీరియల్ లక్షలమందిని ఈ అన్వేషణకు పురికొల్పాయి. అయితే తన పూర్వీకుడు 1767లో ఓడలో వచ్చాడని హేలీ రాయగా, టోబీ అనే ఆ బానిస అంతకుముందే వర్జీనియా పత్రాల్లో ఉన్నాడని గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ కౌంటీ దస్త్రాలతో చూపారు. పుస్తకం కదిలించిన మనసులు నిజం. దస్త్రం చెప్పేదీ నిజం. వంశచరిత్ర రాసేవారు రెండోదానికే కట్టుబడాలి.

తోడ్పడే సంస్థలు

బోస్టన్‌లోని న్యూ ఇంగ్లండ్ హిస్టారిక్ జీనియలాజికల్ సొసైటీ 1845 నాటిది. మోర్మన్ చర్చి 1894లో స్థాపించిన యూటా వంశచరిత్ర సంఘం 1938 నుంచి కౌంటీ కౌంటీ తిరిగి దస్త్రాలను మైక్రోఫిల్ము తీసింది. ఆ చుట్టలు సాల్ట్ లేక్ సిటీ దగ్గర గ్రానైటు కొండ తొలిచి కట్టిన గదుల్లో ఉన్నాయి. ఇరవై నాలుగు లక్షల చుట్టల డిజిటలీకరణ 2021లో పూర్తయింది. ఫ్యామిలీసెర్చ్ పేరిట వాటిని ఉచితంగా చూడవచ్చు. 1995లో మొదలైన ఫైండ్ ఎ గ్రేవ్‌లో వాలంటీర్లు తీసిన సమాధుల ఫొటోలు కోట్లలో ఉన్నాయి. ఇవన్నీ దారి చూపేవి మాత్రమే. రాతి ఫొటో లేని నమోదును, ఆధారం చూపని వంశవృక్షాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు.

తెలుగువారి సంగతి

సముద్రం దాటిన తెలుగువారికి ఇలాంటి దస్త్రం అమెరికా కంటే ముందు దక్షిణాఫ్రికాలో ఏర్పడింది. మద్రాసు నుంచి కూలీలతో బయల్దేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అలాంటి ఓడల జాబితాల్లో మనిషికో నంబరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు రాశారు. డర్బన్ ఉన్న నేటాల్ ప్రాంతపు తెలుగు కుటుంబాలు ఆంధ్రలోని తమ ఊళ్లు వెతుక్కోవడానికి ఆధారం ఆ వరుసలే.

1965 వలస చట్టం తర్వాత అమెరికాకు పెద్దసంఖ్యలో వెళ్లిన తెలుగువారి పెళ్లి లైసెన్సులు, ఇళ్ల దస్తావేజులు, పిల్లల జనన పత్రాలు ఇప్పుడు కౌంటీ దస్త్రాల్లోకి చేరుతున్నాయి. హిందువుల్లో ఎక్కువమంది దహనం చేస్తారు కనుక వారికి సమాధి రాయి ఉండదు, కాగితమే మిగులుతుంది. ఆ కాగితంలో మన పేర్లు తారుమారవుతున్నాయి. ఒకరికి ఇంటిపేరు చివరిపేరైంది, తమ్ముడికి తండ్రి పేరు చివరిపేరైంది, ఇంకొకరికి పొడి అక్షరాలే మిగిలాయి. ఒకే తల్లి బిడ్డలు రికార్డులో మూడు కుటుంబాలుగా కనిపిస్తారు. అమెరికాలోని తెలుగు కుటుంబాలవారు ఇంట్లో ఒక కాగితం మీద అమ్మ, నాన్న, అవ్వ, తాతల పూర్తి పేర్లు, పుట్టింటివారి ఇంటిపేర్లు, ఊరు, మండలం, జిల్లా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, పెళ్లి సర్టిఫికెట్టు, ఇంటి దస్తావేజులతో కలిపి ఉంచండి. పెద్దవారెవరైనా పోయినప్పుడు మరణ ధ్రువపత్రంలో తల్లి పెళ్లికి ముందు పేరు అడుగుతారు. ఆ గడిని ఖాళీగా వదలకండి.